దున్నకుండా మొక్కజొన్న వేసే మిషన్ సర్వీస్: మాగాణికి మూడున్నర స్టార్లు, మెట్టకి ఒకటిన్నర

ఈ రివ్యూ ట్రాక్టర్ గురించి కాదు. వరి కోసిన మాగాణిలో దుక్కి లేకుండా నేరుగా మొక్కజొన్న గింజ వేసే జీరో టిల్లేజ్ ప్లాంటర్ ఉంటుంది కదా, దాన్ని ట్రాక్టరు, డ్రైవరుతో సహా ఎకరానికి ఇంత అని అద్దెకిచ్చే సర్వీసు గురించి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, నల్లరేగడి, కాలవ కింద భూమి. సెంటర్ పేరు రాయను, ఎందుకంటే నేను చెప్పబోయే తిట్లలో సగం ఆ ఒక్కళ్ళకే కాదు, ఇలాంటి సర్వీసు నడిపే చాలామందికి సరిపోతాయి. ఐదుకి మూడున్నర ఇస్తున్నా. మెట్ట నేల వాళ్ళు అడిగితే ఒకటిన్నర. ఆ తేడా ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు.

వాళ్ళ కరపత్రంలో రెండు మాటలున్నాయి. దున్నే ఖర్చు లేదు అనేది ఒకటి, ఎకరానికి ఐదు క్వింటాళ్ళు అదనంగా పండుతుంది అనేది రెండోది. మొదటిది నిజం. రెండోదాని దగ్గరే నాకు పేచీ. దున్నడం మానేసినంత మాత్రాన మొక్కజొన్న ఎక్కువ పండదు. దున్నడం మానేస్తే మనకి రోజులు కలిసొస్తాయి, నేలలో పదును మిగులుతుంది, ఆ రెండూ కొరతగా ఉన్న చోట మాత్రమే అవి కండెలో గింజలవుతాయి. రోజులకీ పదునుకీ లోటు లేని చోట దున్నకపోతే మిగిలేది డీజిల్ డబ్బులే, ఒక్కోసారి అవి కూడా కలుపు మందుకి పోతాయి. ఈ ముక్క కరపత్రంలో వేస్తే బుకింగులు తగ్గుతాయి కాబట్టి వేయరు, అంతే.

మా వైపు సంగతి తెలియని వాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్ళాలి. కృష్ణా డెల్టాలో ఒకప్పుడు వరి తర్వాత పంటంటే మినుమే. కోతకి కాస్త ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే, తడి మీద మినుములు చల్లేసేవాళ్ళు. అదీ దుక్కి లేని పంటే, కాబట్టి ఈ సెంటర్ల వాళ్ళు కొత్తగా కనిపెట్టి మనకి నేర్పింది ఏమీ లేదు. తర్వాత పల్లాకు తెగులు ఒకపక్క, బంగారు తీగ ఒకపక్క మినుముని దెబ్బ కొట్టాయి. కాలవలకి నీళ్ళు ఆలస్యంగా వదలడం, దాంతో నాట్లు వెనక్కి పోవడం, కోతలు డిసెంబరులోకి, ఇంకా ముందుకి జరగడం, అప్పుడు చల్లిన మినుము చేతికి రాకపోవడం, ఇలా 2000 తర్వాతి సంవత్సరాల్లో రైతులు మెల్లగా మొక్కజొన్న, జొన్న వైపు తిరిగారు. మొక్కజొన్నకి నీళ్ళు ఎక్కువ కావాలి, యూరియా ఎక్కువ కావాలి, అయినా బాగా చేస్తే ఎకరానికి ముప్ఫై క్వింటాళ్ళ పైన తూగే పంట దొరికాక మినుము కోసం బెంగ పెట్టుకునేదెవరు. వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు కూడా ఈ పద్ధతికి లెక్కలు ఇచ్చారు: సాలుకీ సాలుకీ 60 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ 20, ఎకరానికి 8 కిలోల విత్తనం, సుమారు 33 వేల మొక్కలు. మొదట్లో ఇదంతా చేతి పనే. తాడు పట్టి, కర్రతోనో మేకులున్న చక్రంతోనో గుంటలు చేసుకుంటూ పోతే వెనక ఆడకూలీలు గింజ వేసి కాలితో కప్పేవాళ్ళు. ఇప్పుడు ఆ పనికే మనుషులు దొరకడం లేదు, అందుకే ఈ మిషన్లు.

సరే, అదే మాగాణిని దున్ని మొక్కజొన్న వేస్తే ఏమవుతుంది? నాలుగు నెలలు నీళ్ళలో నానిన, దమ్ము చేసిన నల్లరేగడి అది. వరి కోసేనాటికి పైన పాదం దిగబడేంత మెత్తగా ఉంటుంది, ఆ తర్వాత చూస్తుండగానే బీటలు తీస్తుంది. ఈ రెండింటి మధ్య నాగలికి లొంగే పదును కొద్ది రోజులే. తడి మీద కల్టివేటర్ దించారా, అరచేతులంత పెళ్ళలు లేస్తాయి. అవి ఆరాక పగలగొట్టాలంటే రోటవేటర్ రెండు చాళ్ళు తిప్పాలి. ఆ పెళ్ళల సందుల్లోంచి గాలి ఆడి కింద ఉన్న పదును కూడా పోతుంది కాబట్టి గింజ మొలవడానికి మళ్ళీ తడి పెట్టాలి, ఆ తడి ఆరేదాకా పొలంలో మనిషి దిగలేడు. ఇలా పది పదిహేను రోజులు పోతాయి. జనవరి మొదట్లో పడాల్సిన గింజ నెలాఖరుకి పడితే జల్లు (మొక్క కొసన వచ్చే మగ పువ్వు), పీచు (కండె కొసన దారాలు) వచ్చే సమయం మార్చి చివరి ఎండల్లోకి జారుతుంది. 35 డిగ్రీలు దాటిన ఎండలో పుప్పొడి బతకదు, పీచు ఆరిపోతుంది, కండె కొసంతా బోసిగా మిగులుతుంది. గింజ పాలు పోసుకునే వేళకి కాలవలు కట్టేసే రోజులు దగ్గరపడతాయి. అంటే దున్నిన పొలంలో దిగుబడి తగ్గడానికి నాగలి తప్పేమీ లేదు, క్యాలెండరుది. కరపత్రంలో ఉన్న ఐదు క్వింటాళ్ళూ ఇక్కడి నుంచే వస్తాయి, వస్తే.

ఇప్పుడు మిషన్ గురించి. ఫ్రేముకి తొమ్మిది కర్రులు బిగించేలా చోటు ఉంటుంది, ఒక్కోటి 20 సెంటీమీటర్ల దూరంలో. మొక్కజొన్నకి 60 కావాలి కాబట్టి మధ్యవన్నీ విప్పేసి మూడే ఉంచుతారు, ఒక పోతకి మూడు సాళ్ళే పడతాయి. కర్రు మొన తిరగేసిన ‘టి’ అక్షరంలా ఉంటుంది, పైన సన్నటి చీలిక, కింద కాస్త వెడల్పు, గింజ ఆ వెడల్పులో పడి పైన మట్టి దానంతటదే మూసుకోవాలని లెక్క. విత్తనం డబ్బాలో వాలుగా పెట్టిన పళ్ళెం, దాని అంచు చుట్టూ గాళ్ళు, గాడికొక గింజ. పళ్ళెం తిరగాలంటే పక్కన నేల మీద నడిచే పళ్ళ చక్రం ఒకటి ఉంటుంది, దాన్నుంచి పళ్ళేనికి గొలుసు. ఈ చక్రాన్ని గుర్తుపెట్టుకోండి, డబ్బులు దండగయ్యేది ఎక్కువగా దీని దగ్గరే. చక్రం నేలని పట్టుకుని తిరిగినంతసేపూ గింజలు లెక్క ప్రకారం పడతాయి. తడిగా ఉన్న చోట జారినా, వరి గడ్డి కుప్ప మీదకెక్కి తేలిపోయినా ట్రాక్టరు ముందుకి పోతూనే ఉంటుంది, పళ్ళెం మాత్రం ఆగిపోతుంది. పైకి చూడ్డానికి చాలు చక్కగా గీసినట్టే ఉంటుంది, లోపల గింజ ఉండదు. అది మనకి తెలిసేది మొలకలు వచ్చాకే.

మాకు వచ్చిన డ్రైవర్ కుర్రాడు మంచివాడే గానీ తొందర మనిషి. సీజన్లో ఎకరాలకి తగ్గట్టు కమీషన్ ఇస్తారట వాళ్ళకి, ఇక నెమ్మదిగా ఎందుకు తోలతాడు. ఈ పళ్ళెం మిషన్లకి గంటకి మూడు నాలుగు కిలోమీటర్ల వేగం దాటితే గాళ్ళలో గింజ సరిగ్గా కూర్చోదు. మనవాడు దాదాపు రోడ్డు మీద పోయినట్టే పోయాడు. గట్టు మీద నుంచి కేకేశా, "ఒరే అబ్బాయ్, నెమ్మదిగా పోనీరా, సందులు పడతాయి" అని. "ఏం పడవు బాబాయ్, మీరు నీడకి కూర్చోండి, నేను చూసుకుంటాగా" అన్నాడు. సందులు పడ్డాయి. ముఖ్యంగా హార్వెస్టర్ మలుపు తిరిగిన మూలల్లో, గడ్డి వరసలు వదిలిన చోట. తర్వాత మనుషుల్ని పెట్టి పోగుంటలు నింపించాం, కానీ ఆలస్యంగా మొలిచిన మొక్క పక్క మొక్కల నీడలో పడి సన్నగా లేచి కండె వేయకుండానే ఉండిపోతుంది, అనుభవం ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. సెంటర్‌కి ఫోన్ చేస్తే పొలం తడిగా ఉంది, మా తప్పు కాదు అన్నారు. తడిగా ఉందని వేయకుండా వెనక్కి పోవచ్చు కదా అంటే సమాధానం లేదు. ఒక స్టార్ ఇక్కడ కట్.

నిజానికి ఈ తడి గొడవ చిన్నది కాదు, సగం దిగుబడి దీని మీదే ఉంది. నల్లరేగడి మరీ తడిగా ఉంటే కర్రు చీల్చిన గోడలు నున్నగా మెరుస్తాయి, చీలిక మూసుకోదు, ఆరాక ఇంకా తెరుచుకుంటుంది, గింజ ఎండకి ఎండుతుంది లేదా కాకులు, చీమలు ఏరుకుపోతాయి. మరీ ఆరితే కర్రు దిగదు, గింజ పైపైనే పడుతుంది. పిడికెడు మట్టి నలిపి చూస్తే వేళ్ళకి అంటుకోకుండా ఉండ కట్టాలి, కింద పడేస్తే విరగాలి, అప్పుడు రమ్మనాలి మిషన్ని. కానీ సెంటర్ వాళ్ళ షెడ్యూల్ మన మట్టిని అడిగి వేయరు, లైన్లో మన నంబరు వచ్చినప్పుడు వస్తారు. ఊళ్ళో కోతలన్నీ ఒకేసారి అయిపోతాయి, మిషన్లు మండలానికి ఏ రెండో మూడో ఉంటాయి. మిచౌంగ్ తుపాను గుర్తుందిగా, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి ఏడు పడిపోయిన వరిని చైన్ హార్వెస్టర్ దించి కోయిస్తే పొలమంతా మోకాలి లోతు గాళ్ళు, వాటిలో నీళ్ళు. అలాంటి పొలానికి ఈ ప్లాంటర్ అసలు పనికిరాదు, ఎవరు ఎంత చెప్పినా పిలవకండి. మామూలు ఏడాది కూడా గడ్డిని బేలర్‌తో చుట్టలు కట్టించి బయటికి తీయించాకే పిలవండి, లేకపోతే కర్రులకి గడ్డి చుట్టుకుని ప్రతి మడికీ ఆగి పీక్కోవాలి. పంజాబ్‌లో గోధుమకి వాడే హ్యాపీ సీడర్ ముందున్న గడ్డిని తనే కోసి, విత్తిన నేల మీదే పరుస్తూ పోతుంది, మనకి అద్దెకొచ్చే మామూలు ప్లాంటర్‌కి ఆ ఏర్పాటు లేదు.

దిగుబడి అసలెంత అని అడుగుతారు కదా, చెప్తా. మాకున్న పొలంలో ఒక మడి దున్ని బోదెలు కట్టి వేశాం, ఒకటి దున్నకుండా కూలీలతో పెట్టించాం, మిగతాదంతా మిషన్. విత్తనం ఒకటే, ఎరువు ఒకటే. అన్నిటికంటే బాగా తూగింది కూలీలతో పెట్టించింది, మిషన్‌తో వేసినదానికంటే ఎకరానికి క్వింటాలో రెండో ఎక్కువే. కారణం కాయ సైజు కాదు, మొక్కల లెక్క, సందులు లేవు. దున్నింది అన్నిటికంటే వెనకబడింది, అది ఆలస్యంగా పడింది కాబట్టి. ఇక్కడి వరకు సెంటర్ వాళ్ళు చెప్పిన మాటే గెలిచినట్టు కనబడుతుంది. కానీ మా పక్క పొలం పెద్దాయన తక్కువ కాలం వరి రకం వేసి, ముందే నీళ్ళు తీసేసి, కోత అయిన వెంటనే సరైన పదునులో దున్నించి, మేం మిషన్‌తో వేసిన వారంలోనే విత్తేశాడు. ఆయనకీ మాకూ తేడా బస్తా కూడా లేదు. పైగా ఆయన పొలంలో మార్చిలో ఈదురుగాలికి ఒక్క మొక్క ఒరగలేదు, మా మిషన్ మడుల్లో గట్ల పక్కన చాలా ఒరిగాయి. రోజులు సమానమైతే దుక్కి ఉన్నా లేకపోయినా ఒకటే అని కళ్ళెదుట కనిపించింది.

ప్రపంచంలో చేసిన లెక్కలు కూడా సుమారు ఇదే చెప్తున్నాయి. 2014 చివర్లో నేచర్ అనే సైన్సు పత్రికలో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది, 610 పరిశోధనల్లోంచి దున్నినవి, దున్ననివి ఐదు వేల పైచిలుకు పోలికలు తీసి చూస్తే దున్నని పొలాల్లో దిగుబడి సగటున 5.7 శాతం తక్కువ. ఎక్కువ కాదు, తక్కువ! అదే బృందం పంటల వారీగా చూసినప్పుడు మొక్కజొన్నలో తగ్గుదల 7.6 శాతం, గోధుమలో 2.6 మాత్రమే. ఇది చూపించి జీరో టిల్లేజ్ వేస్ట్ అనేవాళ్ళున్నారు, వాళ్ళూ సగమే చదివారు. వానాధారంగా, పొడి వాతావరణంలో, పంట చెత్త నేల మీదే ఉంచి, పంట మార్చి వేసిన చోట దున్నని పొలాలు సమానంగా, కొన్ని చోట్ల ఎక్కువగా పండాయని కూడా అందులోనే ఉంది. అంటే నీటి కొరత ఉన్న చోట పదును మిగిల్చినందుకు జీతం దొరుకుతుంది, మిగతా చోట్ల దొరకదు. మా డెల్టాలో రోజుల కొరత ఉంది కాబట్టి మాకూ దొరుకుతోంది. ఐదు క్వింటాళ్ళని కరపత్రంలో అందరికీ ఒకే లెక్కగా అచ్చేస్తే ఎలా?

మెట్టకి ఒకటిన్నర ఎందుకంటే మా అక్క వాళ్ళ ఊరు. వరంగల్ వైపు, ఎర్ర చల్కా నేలలు, వానాకాలం మొక్కజొన్న. అక్కడా ఇలాంటి సెంటరే ఒకటి ఇదే రకం మిషన్ పెట్టి ఇదే కరపత్రం పంచింది. మా బావ ఒక చెలక ఇచ్చి చూశాడు. వాన పడ్డాక వేశారు, మొలక మొదట పర్వాలేదు, తర్వాత ఒక గట్టి వాన కొట్టి నాలుగు రోజులు ఎండ కాసేసరికి పైన అట్ట కట్టింది. నల్లరేగడి ఎండితే తనంతట తనే బీటలు తీసి లోపలికి దారి ఇస్తుంది, పాత వరి వేర్లు వదిలిన సందులు కూడా ఉంటాయి, మొక్కజొన్న వేరు వాటిల్లోంచి దిగుతుంది, అందుకే మాకు దుక్కి లేకపోయినా నడిచిపోతుంది. ఎర్ర నేలకి ఆ గుణం లేదు, ఆరితే బిగుసుకుపోతుంది, తర్వాత వాన పడితే నీళ్ళు ఇంకవు, పైపైనే పారి పోతాయి. అక్కడ దుక్కి చేసే మొదటి పని ఆ పైపొర పగలగొట్టి వానని లోపలికి పంపడం. మా బావ దున్నిన చెలక పక్కనే ఉంది కాబట్టి పోల్చడం సులువు, దున్ననిదాంట్లో మొక్కలు నడుం ఎత్తు వచ్చినప్పుడు దున్నినదాంట్లో ఆకులు భుజం దాటాయి. కండె దగ్గర కూడా ఆ తేడా అట్లాగే ఉంది. "మా దిక్కు ఈ ముచ్చట నడవదు బావా, మీ మాగాణిల పెట్టుకో" అని తేల్చేశాడు.

ఎర్ర నేలల్లో దున్నకుండా వేయడం ఎప్పటికీ కుదరదని కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) ఎర్ర నేలల మీద చేసిన పరీక్షల్లో గడ్డి కప్పి ఉంచితే వాన నీళ్ళు పారిపోవడం తగ్గుతుందని తేలింది. అంటే నేల మీద చెత్త ఉండాలి. కానీ ఊళ్ళో చెత్త ఎక్కడ మిగులుతుంది, చొప్ప పశువులకి పోతుంది, మిగిలిన మోళ్ళు మేకలు తింటాయి, అవీ మిగిలితే ఎండాకాలంలో ఎవరో ఒకరు నిప్పు పెడతారు. ఉత్త నేల మీద దుక్కి మానేస్తే రెండు విధాలా నష్టమే. ఈ సంగతి సెంటర్ వాళ్ళు ముందే చెప్పి ఉంటే బావకి ఆ చెలక దక్కేది.

ఇంతకీ రోటవేటర్ భక్తులకి ఒక మాట. దున్నడం అంటే ఇప్పుడు అందరికీ రోటవేటరే, చక్కగా పిండిలా చేసి ఇస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ అది నాలుగైదు అంగుళాల లోతుకే తిరుగుతుంది, ప్రతి ఏడూ అదే లోతు, దాని కింద పొర గట్టిపడిపోతూ ఉంటుంది. వరి దమ్ముతో మాగాణిలో ఎలాగూ గట్టి పొర ఉంది. మెట్టలో మొక్కజొన్న వేసేవాళ్ళు మూడేళ్ళకోసారి ఎండాకాలం ఉలి నాగలితో లోతుగా చీల్చితే వేరు దిగుతుంది, వాన ఇంకుతుంది. రోటవేటర్‌కి రెండు చాళ్ళు పెట్టే డబ్బులో ఒక చాలు మిగిల్చి దానికి పెట్టొచ్చు. ఈ సెంటర్లో ఉలి నాగలి ఉంది, మూలన తుప్పు పట్టి ఉంది, ఎవరూ అడగరట.

ఖర్చు దగ్గరికి వస్తే, మాకు ప్లాంటర్‌కి ఎకరానికి 1,800 తీసుకున్నారు. కూలీలతో పెట్టిస్తే దానికి దాదాపు రెట్టింపు అవుతోంది, మనుషులు దొరికితే. దుక్కి, రోటవేటర్, బోదెలు అన్నీ కలిపితే అంతకన్నా ఎక్కువ. కాబట్టి పొదుపు నిజమే, కాదనను. కానీ కలుపు మందు ఖర్చు వాళ్ళు లెక్కలో వేయరు. దున్నితే కలుపూ, వరి మోళ్ళూ నాగలి కింద పోతాయి. దున్నకపోతే ఆ పని మందుతోనే చేయించాలి. మోళ్ళు మళ్ళీ చిగురిస్తే మొక్కజొన్న పిల్లకి పెట్టిన యూరియా అవే తాగేస్తాయి. అందుకే విత్తిన వెంటనే, మొలక రాకముందు, అట్రజిన్ అనే కలుపు మందుతో పాటు పారాక్వాట్ అనే ఇంకోటి కలిపి కొడతారు మా వైపు. పారాక్వాట్‌తో జాగ్రత్త, దానికి విరుగుడు మందు లేదు, కొద్దిగా లోపలికి పోయినా ప్రాణం మీదకి వస్తుంది, సెంటర్ వాళ్ళు మందు కొట్టే కుర్రాళ్ళని చేతికి గ్లౌజు కూడా లేకుండా పంపడం నాకు అస్సలు నచ్చలేదు, అడిగితే నవ్వేశారు. తర్వాత మూడో వారంలో మళ్ళీ కలుపు లేస్తే టెంబోట్రయోన్ అనే మరో కలుపు మందు ఎకరానికి 115 మిల్లీలీటర్లు, అదీ చవక కాదు. ఏళ్ళ తరబడి దున్నకపోతే తుంగ, గరిక లాంటి మొండివి పెరుగుతాయి, వాటి మీద అట్రజిన్ పెద్దగా పనిచేయదు. మేం మూడు నాలుగేళ్ళకోసారి ఎండాకాలం దుక్కి దున్ని తుంగ గడ్డలు ఎండబెట్టడం మంచిదనుకుంటున్నాం.

ఎరువు డబ్బా గురించి కూడా చెప్పాలి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ ప్లాంటర్‌కి విత్తనం డబ్బా వెనకే ఎరువు డబ్బా ఉంటుంది. మంచి మిషన్లో ఎరువు గొట్టం వేరుగా, గింజకి రెండు అంగుళాలు పక్కగానో కిందగానో పడేలా ఉంటుంది. మాకు వచ్చినదాంట్లో రెండు గొట్టాలూ ఒకే చీలికలోకి. డీఏపీ కొద్దిగా అయితే సర్దుకోవచ్చు గానీ యూరియా కలిపి పోస్తే గింజ మాడిపోతుంది. మేం డీఏపీ ఒక్కటే, అదీ తగ్గించి పోయించాం, మిగతాది తర్వాత మొక్క పక్కన గుంట తీసి పెట్టించాం. దున్నని పొలంలో ఎరువు పైన చల్లితే పైనే ఉండిపోతుంది, యూరియాలో కొంత గాలికి పోతుంది, కాబట్టి గుంట తీసి పెట్టి వెంటనే తడి ఇవ్వడమే. ఇంకోటి, మోళ్ళు కుళ్ళేటప్పుడు నేలలోని నత్రజని కొన్నాళ్ళు వాటికే పోతుంది, అందుకే దున్నని పొలంలో పైరు మొదటి నెల పాలిపోయినట్టు ఉంటుంది, కంగారు పడి మందుల షాపుకి పరిగెత్తి రంగు సీసాలు కొనకండి, మొదటి దఫా యూరియా కాస్త ముందుకి జరిపితే చాలు.

నీటి విషయం రెండు ముక్కల్లో. మొక్కజొన్న నిలవ నీటికి ఓర్చుకోదు, ఐదారు ఆకుల దాకా దాని మొవ్వు నేల లోపలే ఉంటుంది, మడిలో నీళ్ళు నిలిస్తే అక్కడే పాడవుతుంది. బోదెల మీద వేసినదానికి ఆ భయం తక్కువ. మిషన్‌తో వేసింది చదును మడి, కాబట్టి విత్తించే రోజే మధ్యలో నీరు పోయే కాలవలు తీయించుకోవాలి, సర్వీసులో ఆ పని లేదు. ఊత వేర్ల మీదకి మట్టి ఎగదోయడం కూడా చదును మడిలో కుదరదు, గాలికి ఒరగడానికి అదో కారణం. కత్తెర పురుగు మాత్రం దుక్కి ఉన్నా లేకపోయినా వస్తుంది. 2018లో వచ్చినప్పటి నుంచి ఎవరినీ వదలడం లేదు, విత్తనశుద్ధి చేసిన గింజే తీసుకోండి.

ఇంత చెప్పి మూడున్నర ఎలా ఇచ్చావని అడగొచ్చు. మాగాణిలో, కోత ఆలస్యమైన ఏడు, కూలీలు దొరకని రోజుల్లో, మట్టి సరైన పదునులో ఉన్నప్పుడు, నెమ్మదిగా తోలే డ్రైవర్ వస్తే దీన్ని మించిన పద్ధతి మాకు లేదు. మద్దతు ధర 2025-26కి క్వింటాలు 2,400, కళ్ళంలో వ్యాపారి ఇచ్చేది చాలాసార్లు దానికి కిందే, కాబట్టి దిగుబడిలో రెండు క్వింటాళ్ళు అటూ ఇటూ అయినా పెట్టుబడి తగ్గడం చిన్న విషయం కాదు. రెండో ఏడు వేరే డ్రైవర్ వచ్చాడు, వయసు మళ్ళినాయన, దిగి చేత్తో తవ్వి గింజ లోతు చూసుకుని, పళ్ళెం మార్చి (మా విత్తనం గుండ్రం గింజ, ముందు ఏడు పెట్టింది బల్లపరుపు గింజ పళ్ళెం, అప్పుడు అర్థమైంది ఒక్కో చోట రెండేసి ఎందుకు పడ్డాయో), తర్వాతే మొదలుపెట్టాడు. మొలక చూసి మా ఊళ్ళోవాళ్ళే కూలీలతో పెట్టించావా అని అడిగారు. అదే మిషన్, అదే సెంటర్.

బుక్ చేసేవాళ్ళు రేటు బేరం తర్వాత ఆడుకోండి, ముందు మీ విత్తనం ప్యాకెట్ పట్టుకెళ్ళి పళ్ళెం సరిపోతుందో లేదో అక్కడే చూపించుకోండి. మొదటి రెండు చాళ్ళు వేయగానే ఆపించి ఐదు మీటర్ల పొడవు తవ్వి గింజలు లెక్కపెట్టండి, పాతికకి కాస్త అటూ ఇటూ ఉండాలి, ఇరవై దాటకపోతే అక్కడే నిలదీయండి, పొలమంతా అయ్యాక ఎవరూ వినరు. గింజ లోతు రెండు అంగుళాలు దాటకూడదు. ఈ ఏడు నుంచి ముందు రోజు సాయంత్రం ఒక మనిషి వచ్చి పొలం పదును చూసి వెళ్ళే ఏర్పాటు పెట్టారట, దానికి 200 అదనం, తడిగా ఉంటే మన నంబరు పోకుండా రెండు రోజులు వెనక్కి జరుపుతామంటున్నారు. ఆ 200 పెట్టండి.